సెల్ఫ్ ఎప్పుడు గరగరమంటోంది, చిన్నా?

చిన్నా,

నువ్వు పంపిన కారు సెల్ఫ్ చప్పుడు రికార్డింగు విన్నాను. మీ అక్క ఇంట్లో మిక్సీ మోత మధ్య ఒకసారి, అందరూ పడుకున్నాక మళ్ళీ ఒకసారి. ఫోనులో చెబితే "సరే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. చదివి, కాగితం మడిచి అంబాసిడర్ అరలో పెట్టుకో.

ఇంజన్‌ను మొదట తిప్పే సెల్ఫ్ మోటారు, దానికి కరెంటు కలిపే సొలినాయిడ్ రెండూ మార్చేయాలన్నాడట మెకానిక్. నిలబడి తాళం తిప్పి అంత మాట అన్నాడంటే, బండి కింద పడుకోవడం అతనికి ఇష్టం లేదన్నమాట. బెంగాల్లోని ఉత్తరపారలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్న మోటారు ఇచ్చేసి ఊరూపేరూ లేనిది తగిలించుకునే ముందు, అసలు తప్పు మోటారుదో కాదో తేలాలి కదా. నేను అడిగేది ఒక్కటే: ఆ గరగర ఎప్పుడు వస్తోంది? తాళం తిప్పగానేనా, సెల్ఫ్ ఇంజన్‌ను తిప్పుతున్నంతసేపా, ఇంజన్ అందుకున్న తరువాతా?

బోనెట్ ఎత్తి చూడు. మన బండిలో ఇంజన్ పక్కన కింద మోటారు ఒక్కటే ఉంటుంది, దాని వీపు మీద సొలినాయిడ్ ఉండదు. అది విడిగా, ఇంజన్ వెనకున్న రేకు గోడకు బిగించి ఉంటుంది. కొత్త కార్లలో మోటారు ఇరుసు మీదుండే చిన్న పళ్ళచక్రాన్ని, అంటే పినియన్‌ను, సొలినాయిడే ముందుకు నెడుతుంది. మనదాంట్లో మోటారుకు కరెంటు పంపడంతో దాని పని సరి. మోటారు ఉన్నట్టుండి గిర్రున తిరిగితే, ఇరుసు మీది మెలిక మరచుట్లలో ఉన్న పినియన్ తన బరువు వల్ల వెంటనే తిరగలేదు. తిరగలేక ఆ చుట్ల వెంట జరిగి, ఇంజన్ వెనకుండే బరువైన చక్రం (ఫ్లైవీల్) అంచున ఉండే రింగ్ గేర్ పళ్ళలోకి దిగుతుంది. ఇంజన్ అందుకోగానే ఫ్లైవీల్ వేగమే దాన్ని వెనక్కి విసిరేస్తుంది. దీన్నే బెండిక్స్ అంటారు. కాబట్టి గరగర వినగానే సొలినాయిడ్ మీద పడటం అన్యాయం. దాని లోపలి కాంటాక్టులు కాలిపోయి కరెంటు తగ్గితే తప్ప దానికీ ఈ గొడవకూ సంబంధం లేదు.

నీ రికార్డింగులో మొదట ఖణ్‌మని ఒక దెబ్బ, వెంటనే గరగర, ఇంజన్ కదలలేదు. ఇంకోసారి తిప్పితే హాయిగా అందుకుంది. నా అనుమానం రింగ్ గేర్ మీద. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. సిలిండర్లో నొక్కుకుపోయిన గాలి (కంప్రెషన్) అడ్డుపడి, దాదాపు ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకదాని దగ్గరే ఆగుతుంది. ఇన్నేళ్ళుగా పినియన్ దెబ్బలన్నీ ఆ రెండు చోట్ల పళ్ళే తిన్నాయి. మిగతా పళ్ళు ఇంకా బాగానే ఉండవచ్చు.

మీ నాన్నకు ఇది ఎంత చెప్పినా ఎక్కేది కాదు. సింహాచలం కొండ కింద ఓసారి ఇలాగే గరగరమని మొరాయిస్తే, గేరులో వేసి ఇద్దరి చేత కాస్త ముందుకు తోయించారు. మళ్ళీ తాళం తిప్పగానే అందుకుంది. అంతా అప్పన్న దయ అన్నారు. తోసినప్పుడు ఇంజన్ కొద్దిగా తిరిగి పినియన్‌కు ఎదురుగా మంచి పళ్ళు వచ్చాయని నేనంటే, అదీ అప్పన్న దయేనన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

నువ్వు చేయాల్సింది ఇది. ఇంజన్ ముందు కింద ఉండే పెద్ద పుల్లీ మీద సుద్దముక్కతో గీత గీయి. గరగర వచ్చిన ప్రతిసారీ తాళం తీసేసి, దిగి, గీత ఎక్కడుందో చూడు. ఎప్పుడూ అదే చోట, లేదా సరిగ్గా దానికి ఎదురు చోట ఉంటే రింగ్ గేర్ దొరికిపోయినట్టే. అప్పుడు గేరు న్యూట్రల్లో పెట్టి, చక్రాలకు రాళ్ళు వేసి, ముందు బంపరు రంధ్రంలోంచి హ్యాండిల్ దూర్చి పావు చుట్టు తిప్పి మళ్ళీ ప్రయత్నించు. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టూ బిగించకూడదు. ఇంజన్ వెనక్కి తన్నిందంటే ఆ వేలు విరుగుతుంది.

గీత రోజుకో చోట కనబడితే బ్యాటరీ వైపు చూడాలి. మోటారు జోరుగా ఎత్తుకోకపోతే పినియన్ పళ్ళలోకి సరిగ్గా దిగదు, అంచుల మీదే రాసుకుంటుంది. లాసన్స్ బే కాలనీ ఉప్పుగాలికి మన ఇంటి కిటికీ ఊచలే ఏటా తుప్పు పడతాయి, ఇక బ్యాటరీ టెర్మినళ్ళ సంగతి చెప్పాలా? తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే వేడినీళ్ళతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వేజలిన్ రాయి. బాగా ఛార్జయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ అందుకోకుండా కాయిల్ వైరు పీకేసి సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగకూడదు. ఇంకొకటి, దీన్ని ఎవరూ చూడరు: ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి మోటారు తాగిన కరెంటంతా తిరిగి రావడానికి జడలా అల్లిన ఆ ఎర్త్ పట్టీ ఒక్కటే దారి. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు దాటిందంటే పట్టీ పోయింది. మోటారు ఖరీదు ముందు పట్టీ ఖరీదు లెక్కలోకి రాదు.

సెల్ఫ్ ఇంజన్‌ను తిప్పుతున్నంతసేపూ గరగర ఉంటే మోటారు బోల్టులు వదులైనట్టో, దాని ఇరుసు తిరిగే బుష్‌లు అరిగినట్టో. అందుకున్నాక కూడా కీచుమని అరుస్తుంటే పినియన్ వెనక్కి రావడం లేదు. అలాంటప్పుడు నడపకు, వెంటనే ఇంజన్ ఆపు.

ఒకవేళ మోటారు దింపాల్సి వస్తే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీసి, ఆ తరువాతే పానా పట్టుకో. బెండిక్స్ మరచుట్లను కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టు. నూనె గానీ గ్రీజు గానీ చుక్క కూడా వద్దు. క్లచ్ పొడి దానికి అంటుకుని ముద్దకట్టి పినియన్‌ను పట్టేస్తుంది. పినియన్ పళ్ళ ముందు అంచులు కొరికినట్టుంటే అది మార్చాల్సిందే. మోటారు తీసిన రంధ్రంలోంచి టార్చి వేసి, హ్యాండిల్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ రింగ్ గేర్ మొత్తం చుట్టూ చూడు. అది పోయి ఉంటే గేర్‌బాక్సు దింపాలి, పాత రింగు తీసి, కొత్తది వేడి చేసి ఫ్లైవీల్‌కు ఎక్కించాలి. అది నీ పని కాదు, గాజువాక ఆటోనగర్‌లో చేయిద్దాం.

ఇక నీ అలవాటు గురించి. ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగబోతుండగానే మళ్ళీ తాళం తిప్పుతావు, రికార్డింగులో స్పష్టంగా వినబడింది. ఫ్లైవీల్ ఇంకా తిరుగుతుండగా పినియన్‌ను దాని మీదికి పంపడమంటే, కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీదికి కళ్ళు మూసుకుని దూకమనడమే. అంతా ఆగేదాకా నాలుగు లెక్కపెట్టు.

సుద్దగీత సంగతి తేలేదాకా మెకానిక్‌కు అడ్వాన్సు ఇవ్వకు. మోటారు దింపితే పినియన్‌వీ రింగ్ గేర్‌వీ పళ్ళు దగ్గరగా, వెలుతురులో, చెయ్యి కదలకుండా ఫొటోలు తీసి పంపు. పోయినసారి పంపినవాటిలో నీ బొటనవేలే కనబడింది.

ఆశీస్సులతో,
అమ్మ