మగత లేకపోయినా చదువు ఎక్కకపోవచ్చు: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఆందోళనకు, నిద్రలేమికి ఇచ్చే డయజెపామ్, ఆల్ప్రజొలామ్ వంటి మాత్రలు వాడేవారికి సాధారణంగా వినిపించే హెచ్చరిక ఒకటే: మగత రావచ్చు, వాహనం నడపవద్దు. మగత రాకపోతే భయమేమీ లేదని రోగి అనుకుంటాడు. అది నిజం కాదని కోతులపై చేసిన ప్రయోగాలు ఎన్నడో తేల్చాయి.

ఆ పరీక్ష తీరు చూడండి. కోతి ముందు మూడు మీటలుంటాయి. వెలిగే రంగును బట్టి వాటిని సరైన వరుసలో నొక్కితే తినడానికి ఒక గుళిక దొరుకుతుంది. ఆ వరుస పూటపూటకూ మారుతుంది కాబట్టి ప్రతిసారీ తప్పులు చేస్తూ కొత్తగా నేర్చుకోవాల్సిందే. మధ్యలో ఎన్నడూ మారని పాత వరుస కూడా ఒకటి వస్తుంది. ఇదే కోవకు చెందిన ట్రయజొలామ్ వంటి మందు ఇచ్చాక పాత వరుసను చక్కగా నొక్కిన కోతి, అదే మోతాదులో కొత్త వరుస దగ్గర తప్పు మీద తప్పు చేసింది. మోతాదు బాగా పెంచితే గానీ పాతది చెడలేదు. ఈ మందులకు విరుగుడైన ఫ్లుమజెనిల్ ఇస్తే ఆ తప్పులు తగ్గాయి.

అలవాటైన పని సాఫీగా సాగుతుంటే లోపం పైకి తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. పరీక్షలకు చదివే విద్యార్థి, కొత్త ఉద్యోగంలో శిక్షణ పొందే మనిషి, ఇన్సులిన్ సూది వేసుకోవడం నేర్చుకుంటున్న వృద్ధురాలు తమకు తెలివి చాలడం లేదని కుంగిపోతారు. మాత్రను అనుమానించాలని వారికి ఎవరు చెప్పారు? వైద్యులకు ఇది తెలియని సంగతి కాదు. శస్త్రచికిత్సకు ముందు ఇదే కోవకు చెందిన మిడజొలామ్ ఇచ్చేది కొంతవరకు అప్పటి సంగతులు గుర్తుండకూడదనే. ఆపరేషన్ బల్ల మీద మేలు చేసే గుణమే తరగతి గదిలో కీడు చేస్తుంది.

ఈ మందులను నిషేధించమని నేను అడగడం లేదు. తీవ్రమైన ఆందోళనలో, మూర్ఛలో అవి ఆదుకుంటాయి. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు, కాబట్టి ఈ లేఖ చదివి ఎవరూ మాత్రలు పారేయవద్దు. నేను కోరేది చిన్న మార్పు. లోపలి కాగితంలో దుష్ఫలితాల నడుమ ఇరుక్కున్న ‘మతిమరుపు’ అన్న మాటను బయటికి తెచ్చి, ‘ఈ మందు వాడుతున్నప్పుడు కొత్త విషయాలు నేర్చుకోవడం కష్టం కావచ్చు’ అని పెట్టె మీదే అచ్చు వేయించండి. మందు రాసేటప్పుడు రోగి ఏం చదువుతున్నాడో, ఏ పని నేర్చుకుంటున్నాడో వైద్యుడు అడిగి తీరాలని ఆదేశించండి. ఆ కోతులను బోనుల్లో ఉంచి మరీ రాబట్టిన సంగతిని సొరుగులో దాచుకోవడం నాకైతే సమంజసంగా తోచడం లేదు.

ఇట్లు,
ఒక పౌరుడు