ఆ రిజిస్టర్ తీసేయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఏటా అక్టోబర్ 10కి వారం ముందు మా విశ్వవిద్యాలయానికి ఒక సర్క్యులర్ వస్తుంది. ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కాబట్టి ర్యాలీ తీయాలి, వ్యాసరచన పోటీ పెట్టాలి, సాయంత్రంలోగా ఫొటోలు పంపాలి. ‘సిగ్గుపడకండి, సాయం అడగండి’ అని రాసిన అట్టలు పట్టుకుని పిల్లలు ఎండలో మెయిన్ గేటు దాకా నడిచి వస్తారు. మర్నాడు మా కౌన్సెలింగ్ గది ఎప్పటిలాగే ఖాళీగా ఉంటుంది.

దీనికి మీ శాఖ పెట్టిన పేరు ‘అవగాహన లోపం’. నేను ఒప్పుకోను. డిప్రెషన్ అంటే ఏమిటో మా పిల్లలకు నాకన్నా బాగా తెలుసు. ఆ గదిలో అడుగుపెడితే ఆ సంగతి ఎవరెవరి చెవిన పడుతుందో కూడా తెలుసు. లెక్క వేసుకునే మానుకుంటున్నారు. ఆ లెక్కలో తప్పు కనిపించకపోవడమే నా బాధ.

నేను పీజీ చదివే రోజుల్లో మూడు నెలలు సరిగా నిద్ర పట్టలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అర్థం మాత్రం ఎక్కేది కాదు. కౌన్సెలింగ్ కేంద్రం పరిపాలన భవనంలో, స్కాలర్‌షిప్ సెక్షన్‌కు ఎదురుగా ఉండేది. అంటే క్యాంపస్‌లో సగం మంది ఎప్పుడూ వరుసలో నిలబడి ఉండే చోట. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి లోపలికి వెళ్తే అటెండర్ రిజిస్టర్ ముందుకు తోశాడు. పేరు, హాల్ టికెట్ నంబరు, విభాగం, చివరి గడిలో ‘సమస్య’. నాకు ముందు వచ్చిన ముగ్గురూ ఆ గడిలో ‘తలనొప్పి’ అని రాశారు. నేనూ అదే రాశాను. లోపల కూర్చున్నాయన ప్రాక్టికల్స్‌లో మాకు మార్కులు వేసే అధ్యాపకుడు. మాత్ర వేసుకోమని చెప్పి పంపారు. ఆయన్ని తప్పుపట్టను, తలనొప్పి అని రాసింది నేనే కదా.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చికిత్స చేసే వైద్య నిపుణులు రోగి వివరాలను గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో మినహాయింపు ఉంది, ఉండాలి కూడా. కానీ అదనపు బాధ్యతగా కౌన్సెలర్ కుర్చీలో కూర్చున్న అధ్యాపకుడు వైద్య నిపుణుడు కాడు. స్టాఫ్ రూంలో టీ తాగుతూ ఆయన నోరు జారితే ఆ సెక్షన్ ఆయన్ని ఏమీ చేయలేదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు మీ బల్ల మీద ఉండే ఉంటాయి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలన్నది అందులో ఒకటి. మా దగ్గర అది వెంటనే అమలైంది. తలుపు మీద పేరు పలక మారింది, కుర్చీలో మనిషి మారలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది. పేరు పలకలు మార్చి తగ్గించే సంఖ్య కాదది.

క్యాంపస్ దాటితే ఇల్లు. వార్డెన్ ఫోన్ చేస్తే తల్లిదండ్రులు రాత్రి బస్సెక్కి వస్తారు. కూలికి వెళ్లి చదివిస్తున్న తల్లి ‘నీకేం తక్కువ చేశాం నాన్నా’ అని అడిగితే ఏ పిల్లవాడి దగ్గరా జవాబుండదు. ఊళ్లో తెలిస్తే మరీ ప్రమాదం. మానసిక వైద్యశాలలున్న చోట్లు కాబట్టి, విశాఖలో చినవాల్తేరు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే చాలు, ఆ పేటల పేర్లకే జనం నవ్వుతారు. అమ్మాయి అయితే సంబంధాల మాట వస్తుంది. మంచం దిగలేని వారాల్లో హాజరు 75 శాతం కన్నా కిందికి పడిపోతే ఫీజు రీయింబర్స్‌మెంటు పోతుంది. అది దక్కాలంటే డాక్టరు చీటీ ఆఫీసులో ఇవ్వాలి. ఆ చీటీ ఎన్ని బల్లలు తిరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ ఉంది కదా అంటారు. నిజమే, 14416కు ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. నేను చాలా మందికి ఇచ్చాను ఆ నంబరు. అయితే నలుగురుండే హాస్టల్ గదిలో ఎక్కడ నిలబడి మాట్లాడాలి? ఒంటరిగా మాట్లాడుకోవడానికి డాబా ఒక్కటే ఉండేది. పిల్లల భద్రత కోసం దానికి తాళం వేశారు. తాళం తీయమని అడగను. ప్రతి హాస్టల్లో తలుపు వేసుకుని మాట్లాడుకునే చిన్న గది ఒకటి ఇప్పించమంటున్నాను.

మిగతావీ పెద్ద ఖర్చున్న పనులు కావు. కౌన్సెలింగ్ కేంద్రాన్ని పరిపాలన భవనం నుంచి తరలించి, జ్వరానికీ గాయానికీ అందరూ వెళ్లే డిస్పెన్సరీ పక్కన పెట్టించండి. అక్కడికి ఎవరు ఎందుకు వచ్చారో బయటివాళ్లకు తెలియదు. హాల్ టికెట్ నంబరు అడగకూడదని ఉత్తర్వు ఇవ్వండి. మార్కులు వేసే చేతికి ఈ పని అప్పగించవద్దు. అర్హులైన వారిని శాశ్వత ఉద్యోగాల్లో నియమించండి. ఏడాదికో మనిషి మారితే పిల్లలు మనసు విప్పరు. ఇంటికి ఎప్పుడు ఫోన్ చేస్తారో, ఎప్పుడు చేయరో తెలుగులో రాసి గోడకు అంటించండి.

చివరిగా నా సొంత ఇబ్బంది ఒకటి. మా దగ్గర ఒక్కో అధ్యాపకురాలికి ఇరవై మంది విద్యార్థులను అప్పగిస్తారు. వారి ‘వ్యక్తిగత సమస్యలు’ రాసి ఫైలు చేయాలి, విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తే చూపించాలి. మొన్న ఒక అబ్బాయి వచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి ఆగి, ‘మేడమ్, ఇది అందులో రాస్తారా?’ అని అడిగాడు. ఫైలు మూసి అవతల పెట్టాను. తర్వాత గంటన్నర మాట్లాడాడు. ప్రస్తుతం డాక్టరు దగ్గరకు వెళ్తున్నాడు.

అతని పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. న్యాక్ వారు వచ్చే నెల వస్తున్నారు. ఎందుకు ఖాళీ అని అడిగితే ఏం చెప్పాలో దయచేసి ఈలోగా తెలియజేయండి.

ఇట్లు,
ఒక ఒప్పంద అధ్యాపకురాలు
(పేరు రాయనందుకు మన్నించండి. డిసెంబర్‌లో నా ఒప్పందం రెన్యువల్‌కు వస్తుంది.)