ఉరుము–సాక్సాఫోన్ డాక్యుమెంటరీ: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, మిత్రులకు అనంతపురం కమిటీ తరఫున నమస్కారాలు. మన ఊరి ఐదుగురు వాద్యకారుల మీద డాక్యుమెంటరీ తీయడానికి మీరిచ్చిన డబ్బు ఎంత, అందులో ఎవరికెంత ముట్టింది, ఎందుకు ముట్టింది అన్నది కోశాధికారిగా ఇక్కడ రాస్తున్నాను. ప్రదర్శన రోజు హాల్లో చదివిన లెక్క మరీ క్లుప్తంగా ఉందని, సౌండు ఖర్చు గురించి ఇంకా వివరం కావాలని కొందరు అడిగారు. డబ్బిచ్చినవాళ్లు అడగాల్సిందే.

ముందు జమ. రసీదు పుస్తకాల మీద వసూలైన చందాలు 1,38,700 రూపాయలు. పాతూరు, కమలానగర్ అంగళ్లలో వంద, రెండొందలు చొప్పున ఇచ్చినవాళ్లే ఇందులో ఎక్కువ. కమిటీ సభ్యులిద్దరి పేరు మీద తెరిచిన జాయింట్ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా వచ్చింది 96,450. పేర్లు వేయొద్దని చెప్పి ఇద్దరు దాతలు చెరి 25,000 చెక్కు ఇచ్చారు, అది 50,000. ప్రదర్శనకు వంద రూపాయల టికెట్లు 186 అమ్ముడుపోయాయి, 18,600. బ్యాంకు వడ్డీ 1,140. మొత్తం జమ 3,04,890 రూపాయలు. ఇస్తామని మాటిచ్చి ఇంకా ఇవ్వనివి ఈ లెక్కలో చేర్చలేదు.

ఖర్చులోకి వెళ్లే ముందు ఈ బృందం వాయించే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి. అది తెలియకపోతే ఖర్చులు వింతగా కనిపిస్తాయి. వీళ్ల వాద్యాలు ఉరుము, పలక అనే తోలు వాద్యాలు రెండు, వాటితో సాక్సాఫోన్, కీబోర్డు, బేస్ గిటార్. సాక్సాఫోన్ వాయించే ఆయనకు పెళ్లి బ్యాండే జీవనాధారం. ఉరుము వాయించే పెద్దాయన జాతరల్లో పెరిగినవారు. వీళ్లకు ముందే రాసి పెట్టుకున్న పాట ఉండదు. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు విని జవాబిస్తారు. అమెరికాలో నల్లజాతి సంగీతకారులు జాజ్‌లో ఈ దారిని చాలా దూరం తీసుకెళ్లారు. 1960లో జాజ్ సాక్సాఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ నలుగురేసి ఉన్న రెండు బృందాలను కలిపి దాదాపు 37 నిమిషాలు ఏకబిగిన వాయింపించి, ఒక బృందం ఎడమ స్పీకరులో, ఇంకోటి కుడి స్పీకరులో వినపడేలా రికార్డు చేశారు. 1965లో షికాగోలో కొందరు సంగీతకారులు సొంతంగా సంఘం పెట్టుకున్నారు. క్లబ్బుల యజమానులు పిలిచేదాకా కూర్చోకుండా తమ కచేరీలు తామే జరుపుకున్నారు, సొంత సంగీతమే వాయించాలని తీర్మానించుకున్నారు. ఆ సంఘం నుంచి వచ్చిన ఆర్ట్ ఎన్‌సెంబుల్ ఆఫ్ షికాగో వాళ్లు సాక్సాఫోన్, ట్రంపెట్ పక్కనే గంటలు, ఈలలు కూడా పెట్టుకుని వాయించేవాళ్లు. మన బ్యాండ్ సాక్సాఫోన్ ఆయన ఇవన్నీ ఫోన్‌లో వింటూ, జాతరలో ఉరుము పక్కన నిలబడి వాయించడం మొదలుపెట్టారు. మన సినిమా కథ అక్కడ మొదలవుతుంది.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు సౌండుదే, 79,500. రికార్డిస్టుకు రోజుకు 6,000 చొప్పున ఎనిమిది రోజులకు 48,000, మైకులు, రికార్డరు బాడుగ 31,500. కెమెరాకంటే సౌండుకు ఎక్కువ పెట్టడమేమిటని అడిగినవాళ్లకు జవాబు ఉరుములోనే ఉంది. ఆ వాద్యానికి రెండు ముఖాలు. ఒకవైపు పుల్లతో కొడతారు, రెండోవైపు వంకర పుల్లతో చర్మాన్ని రాస్తారు. రాసినప్పుడు అడుగు నుంచి లేచే గుర్రుమనే నాదం కెమెరాకుండే మైకులో పడితే ఫ్యాను హోరులా వినిపిస్తుంది. టెస్టు రికార్డింగు వినిపిస్తే పెద్దాయన తల అడ్డంగా ఊపి, ‘ఇది నా ఉరుము కాదు సామీ’ అన్నారు. అప్పుడు రికార్డిస్టు ఎనిమిది ట్రాకుల రికార్డరు, అంటే ఎనిమిది శబ్దాలను దేనికది విడిగా రికార్డు చేసేది, తెప్పించాడు. ఉరుము రెండు ముఖాలకు రెండు మైకులు, సాక్సాఫోన్ మూతి దగ్గర ఒకటి, పలకకు ఒకటి, గది మొత్తానికి రెండు. కీబోర్డు, బేస్ గిటార్‌లకు నేరుగా వైరు ఇచ్చాడు. షూటింగ్ జరిగింది శెనక్కాయల గోదాములో. రేకుల కప్పు కావడంతో ఒకటే మోత. గోదాము యజమాని ఇచ్చిన ఖాళీ గోనెసంచులను గోడల నిండా వేలాడదీసి ఆ మోతను అణచాడు. దీనికి ఒక్క పైసా ఖర్చు కాలేదు. మళ్లీ రికార్డింగు విన్నప్పుడు పెద్దాయన ఏమీ అనలేదు, ఇంకోసారి పెట్టమన్నారు.

ఆ ఎనిమిది ట్రాకులను ఒకటిగా కలిపే ఫైనల్ మిక్సింగ్ బెంగళూరు స్టూడియోలో చేయించాం, 22,000. ఇక్కడే చేయించి ఉంటే సగానికి సగం మిగిలేదని ఒక సభ్యుడు అన్నారు. నా అభిప్రాయం వేరు. సంగీతం మీద తీసిన సినిమాలో సంగీతం సరిగా వినపడకపోతే మిగిలిన డబ్బుతో ఏం చేసుకోను?

కెమెరాకు 64,000. కెమెరామన్‌కు రోజుకు 5,000 చొప్పున ఎనిమిది రోజులకు 40,000, రెండు కెమెరాల బాడుగ 24,000. రెండు ఎందుకంటే, ఈ బృందం ఒకసారి వాయించింది మళ్లీ అలాగే వాయించదు. ఇంకో టేక్ అడగడానికి వీల్లేదు. ఒక కెమెరా చేతుల మీద ఉంటే ఇంకోటి ముఖాల మీద ఉండాలి. రెండో కెమెరాను డైరెక్టరే పట్టాడు, దానికి వేరుగా ఏమీ తీసుకోలేదు. డ్రోన్ షాట్లు లేవేమని అడుగుతున్నారు. డ్రోన్ మోతలో ఉరుము రికార్డు కాదు.

ఎడిటరుకు 36,000. దాదాపు 40 గంటల ఫుటేజీ చూసి 52 నిమిషాల సినిమాగా కూర్చింది. మధ్యలో తొమ్మిది నిమిషాల వాయింపు ఒకటుంది. జనం కదలకుండా కూర్చోరని, దాన్ని నాలుగు నిమిషాలకు కుదించాలని డైరెక్టరు పట్టుబట్టాడు. ఆ అమ్మాయి ససేమిరా అంది. సాక్సాఫోన్ ఆరు నిమిషాల దాకా ఉరుము మాట వింటూనే ఉంటుంది, జవాబు ఆ తర్వాతే వస్తుంది, వినడాన్ని కోసేస్తే జవాబుకు అర్థమేముంటుందని వాదించింది. చివరికి మొత్తం ఉంచారు. హాల్లో ఎక్కువ చప్పట్లు పడింది అక్కడే.

డైరెక్టరు పారితోషికం 40,000 అనుకున్నాం. వాద్యకారులకు ఇవ్వడానికి డబ్బు చాలదని తెలిసి 20,000 చాలన్నాడు.

వాద్యకారులకు తలా 8,000 చొప్పున 40,000. ‘ప్రచారం వచ్చేది వాళ్లకే కదా, మళ్లీ డబ్బెందుకు’ అని ఒకరిద్దరు అన్నారు. పెళ్లిళ్లు ఉండవని షూటింగ్ ఆషాఢంలో పెట్టుకున్నా, చివరి రెండు రోజులు శ్రావణంలోకి జరిగాయి. సాక్సాఫోన్ ఆయన, పలక వాయించే తమ్ముడు ముహూర్తాలు వదులుకుని వచ్చారు. కెమెరా వెనక నిలబడ్డవాళ్లకు కూలి ఇచ్చి, కెమెరా ముందు చెమటోడ్చినవాళ్లకు దండ వేసి పంపడం ఈ కమిటీకి నచ్చలేదు. స్టాంపు పేపరు మీద ఒప్పందం కూడా రాసుకున్నాం. 1957 కాపీరైటు చట్టం ప్రదర్శన ఇచ్చే కళాకారులకు కూడా హక్కులు ఇస్తుంది, 2012 సవరణ వాటిని బలపరిచింది. ఈ సినిమా ఎక్కడైనా అమ్ముడుపోతే వచ్చే దాంట్లో సగం ఐదుగురికీ చెందుతుంది.

పైన చెప్పిన షికాగో సంగీతకారుల రికార్డింగు ఒకటి సినిమాలో కొద్దిసేపు వాడాలని డైరెక్టరుకు ఆశగా ఉండేది. దానికి ధ్వనిముద్రణ హక్కు ఉన్నవాళ్ల దగ్గర ఒక అనుమతి, స్వరరచన హక్కు ఉన్నవాళ్ల దగ్గర ఇంకో అనుమతి కావాలి. ఆ రెండూ కొనే స్తోమత మనకు లేదు. అనుమతి లేకుండా పెట్టుకుందాం, ఎవరు చూస్తారన్న సలహాను కమిటీ ఒప్పుకోలేదు. అక్కడ మన సాక్సాఫోన్ ఆయన సొంత వాయింపే ఉంది. ఈ పద్దు కింద ఖర్చు లేదు.

మిగతావి చిన్నవి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లకు 6,000, హార్డ్ డిస్కులు రెండింటికి 9,600, భోజనాలు, టీలు, ఆటోలు, బెంగళూరు ప్రయాణాలకు 16,340, హాలు, ప్రొజెక్టరు, పోస్టర్లు, రసీదు పుస్తకాలకు 9,150.

మొత్తం ఖర్చు 3,02,590. నిల్వ 2,300 రూపాయలు, బ్యాంకు ఖాతాలోనే ఉంది. కమిటీ సభ్యులెవరూ పారితోషికంగానీ, ప్రయాణ ఖర్చుగానీ తీసుకోలేదు.

సినిమాను ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపాలంటే ఎంట్రీ ఫీజులకు ఈ నిల్వ చాలదు. దానికోసం మళ్లీ చందాల పుస్తకం పట్టుకుని రాము, టికెట్టు ప్రదర్శనలతో సమకూరితే పంపుతాం. కాలేజీలు, గ్రంథాలయాలు అడిగితే ఉచితంగా వేసి చూపిస్తాం. బృందం వచ్చి వాయించాలంటే మాత్రం వాళ్ల పారితోషికం వాళ్లతో నేరుగా మాట్లాడుకోండి.

బిల్లులు, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, రసీదుల అడుగుకాగితాలు నా దగ్గరున్నాయి. చందా ఇచ్చినవాళ్లు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇచ్చిన మొత్తానికీ రసీదులో ఉన్న అంకెకూ తేడా కనిపిస్తే రసీదు వెంట తీసుకురండి, పుస్తకంతో సరిపోల్చి చూద్దాం.