కరివేపాకు చెట్టు గురించి బిడ్డకు

మిర్యాలగూడ

బిడ్డా స్వప్నా,

నువ్వు పంపిన కరివేపాకు ఫోటో మీ అమ్మ రోజూ తీసి చూస్తనే ఉంది. దాని తర్వాత నీ ఫోన్ లేదు. పనుల ఉంటవ్, తెలుసు. సరోజత్తొచ్చి నువ్వు ఆ రూము ఖాళీ చేసి బెంగళూరు పోతున్నవని చెప్పిపోయింది. అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు చెట్టు సంగతి.

కొత్త ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగ ఉన్నయంటే ఇనుము అందుతలేదన్నట్టు. మన దిక్కు బత్తాయి తోటలల్ల అందరెరిగిన తెగులే. మీది బోరునీళ్లు కదా, కుండీ అంచుకు తెల్లగ ఉప్పుపొర కనబడ్తుంది. ఆ నీళ్లకు మట్టి సున్నపు గుణం పట్టి, ఇనుమున్నా వేరుకు అందదు. పుల్లమజ్జిగ పోస్తే సరిపోతదని ఎవరో చెప్పిన్రన్నవ్. మజ్జిగల ఇనుమెక్కడిది బిడ్డా? లీటరు నీళ్లల్ల 5 గ్రాముల అన్నభేది (ఇనుముండే ఉప్పు), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగు గూడ తడిసేటట్టు కొట్టు. అప్పటికప్పుడు కలుపుకోవాలె. నిలువుంటే తుప్పురంగు తిరుగుతది, ఇంక పనికిరాదు. పదిరోజులకు ఇంకోసారి. శివరాత్రి దాటింది, చలి పోయింది, చిగురేస్తది. పాత ఆకును కాదు, ఆ చిగురును చూడు.

వేళకు తింటున్నవా? సరోజత్త సన్నగైనవన్నది.

కుండీ అడుగున గులకరాళ్లు పోసినవా? పొయ్యకు. పెద్దమ్మోళ్ల మందారం యాదికుంది కదా. నీళ్లు బాగ దిగాలని మూడోవంతు కుండీ రాళ్లు నింపింది. మొగ్గలు రాలుతుంటే బలం చాలలేదని పచ్చి పేడ, మీద చాయ్‌పత్తి వేసింది. ఆకులు వాడితే ఎండకనుకొని ఇంకింత నీళ్లు పోసింది. చివరికి కుండీ బోర్లిస్తే పైన మట్టి పొడిపొడి, రాళ్ల మీది మట్టి మురుగుకంపు. వేరు వేళ్లతోని పట్టి గుంజితే పైతోలు ఊడి దారమే మిగిలింది. సన్నమట్టి నానితే తప్ప నీళ్లు రాళ్ల సందులకు దిగయి, రాళ్లెంత పైకుంటే ఆ తడి వేరుకంత దగ్గరైతది. పచ్చి పేడ అందులనే మురిగి వేడి పుట్టిస్తది. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన ఎరువు ఒకటి, కొబ్బరిపొట్టు ఒకటి, గుప్పెడు వేపపిండి కలిపి కుండీ నింపు. అడుగు రంధ్రం మీద చిన్న పెంకు చాలు. వేలు రెండు కణుపులు గుచ్చి తడి తగలకుంటేనే నీళ్లు పొయ్యి. ఎవరేం చెప్పినా వేలు గుచ్చి చూసుడు మానకు.

టమాట కాయ అడుగు నల్లబడితే గుడ్డుపెంకులు వేస్తున్నవంట. కాయకు సున్నం అందకనే అట్లైతది, గని పెంకులు మట్టిల కరిగేసరికి పంటే అయిపోతది. ఒకరోజు ఎండబెట్టి ఇంకోరోజు ముంచితే సున్నం కాయకు చేరదు, నీళ్లు సమంగ పొయ్యి. ఎండల పడున్న పైపుల మొదటి నీళ్లు కాగుతుంటయ్, పారబోసి పొయ్యి.

బెంగళూరు నిజమే అయితే చెప్పు, మేమేం కాదనం. చెట్టును ఆడ ఎవరికి ఇయ్యకు, ఇటు పంపు. ముందురోజు నీళ్లు ఆపి, కొమ్మలు దగ్గరికి కట్టి గోనెసంచి చుట్టు.

అన్నభేది పొట్లం, వేపపిండి, మీ అమ్మ చేసిన సకినాలు బస్సుల పంపుతున్న. పొట్లం తిండి డబ్బాలకు దూరం పెట్టు. ముట్టినంక ఫోన్ చెయ్యి.

మీ బాపు