టోన్ పేరు చెప్పి గిటార్ చెక్కకి ఎక్కువ తీసుకున్నాను, ఇక తీసుకోను

అందరికీ నమస్తే. రెండు నెలలుగా ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి, ఫోన్ చేసినవాళ్లకి "వచ్చే వారం అండి" అని చెప్తూ వచ్చాను. అసలు కారణం ఈరోజు రాస్తున్నాను. మా దగ్గర ఎలక్ట్రిక్ గిటార్‌కి మహాగనీ బాడీ కొన్నవాళ్లు, ఫిబ్రవరి నుంచి పికప్‌లు (తీగ కదలికని కరెంటుగా మార్చే చుట్టలు) తీసుకెళ్లినవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

కొత్తగా చూస్తున్నవాళ్లకి ఒక మాట: మాది బెంగళూరు కె.ఆర్.పురంలో చిన్న షాపు. నేను, ఒక వడ్రంగి, ఆయన కొడుకు, అంతే. ఇంట్లో సొంతంగా గిటార్ చేసుకునేవాళ్లకి బాడీలు కోసిస్తాం, పికప్‌లు చుట్టిస్తాం, చేసుకుని తెచ్చిన గిటార్‌లో పికప్ బిగించి వైరింగ్ చేసిస్తాం.

మార్చిలో అనంతపురం అబ్బాయి ఒకరు వచ్చారు, మారతహళ్లిలో ఉద్యోగం. ఊళ్లో పాత ఇల్లు పడగొడితే వచ్చిన టేకు తలుపుతో బాడీ చేసుకున్నారు, మేకుల చిల్లులు కూడా అలాగే ఉంచారు. చూడగానే నేను "టేకుకి ఆ వార్మ్ టోన్ రాదండి, మహాగనీ తీసుకోవాల్సింది" అన్నాను. నాలుగేళ్లుగా అందరికీ చెప్పే మాటే అది. ఆయన వాదించలేదు. "మా తాత ఇంటి తలుపు అన్నా, ఇందులోనే పెట్టండి" అన్నారు. పెట్టి, ప్లగ్ చేసి వాయించాను. పక్కన స్టాండ్ మీదున్న మా మహాగనీ గిటార్‌కీ దీనికీ తేడా ఎక్కడుందా అని వెతుక్కోవాల్సి వచ్చింది.

అనుమానం వచ్చాక ఊరుకోలేకపోయాను. ఆ అబ్బాయిని అడిగి గిటార్ వారం పాటు ఉంచుకుని, ఆదివారం షాపు మూసి మూడు బాడీలు ముందు పెట్టుకున్నాం: మహాగనీ, ఆ తలుపు టేకు, ఇంకొకటి సిల్వర్ ఓక్ (కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే చెట్టే). మూడింటికీ ఒకే నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడ) మార్చి మార్చి బిగించాం, అదే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), అదే పికప్, అదే కేబుల్, ప్రతిసారీ కొత్త స్ట్రింగ్స్, తీగకీ పికప్‌కీ మధ్య ఎత్తు వెర్నియర్‌తో కొలిచి మరీ. తెర వెనకాల వాయిస్తే అయిదుగురు పాత కస్టమర్లు విన్నారు. ఏది ఏ చెక్కో ఒక్కరూ వరసగా సరిగ్గా చెప్పలేకపోయారు, తెర అవతలికి వెళ్లి విన్నప్పుడు నేనూ చెప్పలేకపోయాను. ఆ తర్వాత అదే గిటార్‌లో పికప్‌ని ఒక్క మిల్లీమీటర్ కిందికి దించి వాయిస్తే అయిదుగురూ వెంటనే "ఇది వేరే" అన్నారు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు. పైన స్టీలు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది, అదే ఆంప్‌కి (శబ్దం పెంచే స్పీకరు పెట్టెకి) వెళ్తుంది. అది పట్టేది ఇనుము కదలికనే. అందుకే నైలాన్ తీగలకి మాగ్నెటిక్ పికప్ పెట్టమని అడిగితే వద్దంటాను. అమెరికా గిటార్ కంపెనీ రికెన్‌బ్యాకర్ వాళ్లు 1932లో అమ్మకానికి పెట్టిన ఎలక్ట్రిక్ గిటార్ బాడీ అల్యూమినియం పోత, అందులో చెక్కే లేదు. మన పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ గారు అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద పలికించిన గమకాలు విన్నవాళ్లకి, ఆ నాదం తీగ మీద వేలులోంచి వచ్చిందని నేను చెప్పక్కర్లేదు.

అలాగని చెక్కకి విలువే లేదనడం లేదు. నెక్ మెత్తగా ఉంటే కొన్ని ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు గీతల) దగ్గర తీగ శక్తిని అది లాగేసుకుంటుంది, స్వరం సగంలోనే ఆగిపోతుంది. బరువు కూడా చూసుకోవాలి, టేకు బాడీ మెడకి తగిలించుకుని రెండు గంటలు నిలబడితే భుజం చెప్తుంది. నెక్ బిగించిన చోట వదులుంటే ఏ చెక్కా కాపాడదు.

అకూస్టిక్ (కరెంటు లేకుండా మోగే) గిటార్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ మోగేది చెక్కే, ముఖ్యంగా మూడు మిల్లీమీటర్లు కూడా ఉండని పైపలక. 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ పక్కలూ వెనకా అట్టతో చేసి, పైపలక మాత్రం మంచి చెక్కతో పెట్టి గిటార్ చేశాడు, అంతా పైపలకలోనే ఉందని చూపించడానికి. బొబ్బిలి వీణ చేసేవాళ్లు పనస మానునే ఎంచుకుని ఒకే దుంగలోంచి తొలవడం ఊరికే కాదు. కాబట్టి అకూస్టిక్‌లో స్ప్రూస్ పైపలక ధర తగ్గించడం లేదు, అక్కడ మీ డబ్బు నిజంగా చెవికి వినపడుతుంది. ఒక జాగ్రత్త: బెంగళూరు పొడిగాలిలో చేసిన అకూస్టిక్ విశాఖ తేమకి వెళ్తే పైపలక ఉబ్బి తీగలు లేస్తాయి. పోయినేడాది ఒకటి అలాగే తిరిగొచ్చింది, అప్పటినుంచి కోస్తాకి పంపేటప్పుడు కొంచెం తక్కువ ఎత్తున్న సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పుల్ల) ఒకటి అదనంగా పెట్టి పంపుతున్నాం.

అకూస్టిక్ సౌండ్‌హోల్‌లో (పైపలక మధ్య గుండ్రటి రంధ్రంలో) మాగ్నెటిక్ పికప్ అడిగేవాళ్లకి ఇది కూడా ముందే చెప్పాలి. లావు తీగల మీద చుట్టిన బ్రాంజ్‌ని పికప్ దాదాపు పట్టించుకోదు, లోపలి స్టీలునే పట్టుకుంటుంది. పైన చుట్టు లేని రెండు సన్న తీగలు మాత్రం పెద్దగా వినిపిస్తాయి. రెండో తీగ కింద స్క్రూ దించితే చాలావరకు సర్దుకుంటుంది, ఆ పని మేం ఉచితంగానే చేస్తాం.

ఇప్పుడు నా తప్పులు రెండు.

మొదటిది మహాగనీ. ఎలక్ట్రిక్ బాడీకి "టోన్ కోసం" అని 4,500 రూపాయలు ఎక్కువ తీసుకున్నాను. అందులో చెక్క అసలు ఖర్చు పోను 3,000 దాకా కేవలం ఆ మాటకే తీసుకున్నది. మోసం చేయాలని కాదు, నేనూ నమ్మాను, కానీ పరీక్షించకుండా అమ్మాను. అలా ఇచ్చినవాళ్లు పదకొండు మంది ఉన్నారు, ఒక్కొక్కరికీ 3,000 వెనక్కి ఇస్తాను, లేదా దానికి బదులు మీకు నచ్చిన పికప్ చుట్టిస్తాను. ఈ నెల నుంచి మహాగనీకి చెక్క ధర తేడా మాత్రమే.

రెండోది పికప్‌ల మైనం. చుట్టిన పికప్‌ని మైనంలో ముంచి లోపలిదాకా పట్టనివ్వాలి, లేకపోతే చుట్లు కదిలి వాల్యూమ్ పెంచగానే కీచుమంటుంది. ఆర్డర్లు ఎక్కువైన ఫిబ్రవరిలో అరగంట ఉంచాల్సినవి పది నిమిషాలకే తీసేశాను. వడ్రంగి అప్పుడే అడిగారు, నేనే టైమ్ లేదన్నాను. అలా వెళ్లినవి పద్నాలుగు. మళ్లీ ముంచి ఇస్తాం, కొరియర్ రానూపోనూ మాదే. ఆలస్యానికి కారణం కూడా ఇదే, ఇవి పూర్తయ్యాకే కొత్త ఆర్డర్లు మొదలుపెడతాను.

ఇంట్లో చేసుకునేవాళ్లకి ఒక్క విన్నపం: బ్రిడ్జ్ చోటు ఖాయం కాకుండా పికప్ గుంత తవ్వకండి. నెక్ బిగించి, రెండు చివరి తీగలు వెళ్లే దారిలో దారం లాగి కట్టి, ఆ దారాల మధ్య పికప్ పెట్టి గీత గీసుకోండి. బ్రిడ్జ్ కిందికి ఎర్త్ వైరు వెళ్లే చిల్లు అప్పుడే వేయండి, మర్చిపోతే చెయ్యి తీగల మీద పెట్టినా బుయ్యిమనే శబ్దం తగ్గదు. తీగకీ పికప్‌కీ మధ్య ఖాళీ చివరి ఫ్రెట్ నొక్కిపట్టి చూసుకోవాలి, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు, లావు వైపు రెండున్నరతో మొదలుపెట్టండి. మరీ దగ్గర పెడితే అయస్కాంతం తీగని లాగి శ్రుతి వణుకుతుంది. సౌండ్ మొద్దుగా ఉందనిపిస్తే పికప్ మార్చేముందు పాట్ (వాల్యూమ్ తిప్పే నాబ్ కింది రెసిస్టర్) చూడండి, 250 కె (కిలో ఓమ్‌లు) ఉన్నచోట 500 కె వేస్తే పైస్వరాలు తెరుచుకుంటాయి. పొడవాటి కేబుల్ కూడా ఆ మెరుపుని మింగేస్తుంది, ఆరు మీటర్లది తీసి మూడు మీటర్లది పెట్టి వినండి.

పికప్‌లు పంపేవాళ్లు ఆర్డర్ నంబరు కాగితం మీద రాసి డబ్బాలో వేయండి. తలుపు చెక్క గిటార్ మాత్రం వాళ్ల ఇంటికి చేరిపోయింది, మేకుల చిల్లులతో సహా.