ఉల్లిపొర, శుభలేఖ అట్ట, ఒక ఫోను

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల పరీక్షల సంగతి రాద్దామని కూర్చున్నాను గానీ, అది వచ్చే నెలకి వాయిదా. పోయిన ఆదివారం సంతలో ఒక తండ్రి నన్ను ఆపి, "ఏవండీ మాస్టారూ, బళ్లో కూడా టీవీయేనంట కదా. సైన్సు కోసం ఫోనియ్యమని మావాడు అన్నం దగ్గర కూడా వదలట్లేదు" అన్నారు. ఆయనొక్కరే అయితే అక్కడే చెప్పి ఊరుకునేవాణ్ని. అదే వారంలో ఇద్దరు తల్లులు గేటు దగ్గర ఇదే మాట అడిగారు. అందుకని అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఎనిమిదో తరగతికి కణం పాఠం మొదలెట్టాల్సిన రోజున సైన్సు మేడం సెలవులో ఉన్నారు. ఆ పీరియడు నేను తీసుకున్నాను. నేను లెక్కల వాణ్ని. గోడకున్న పెద్ద ప్యానెల్ మీద కణం యానిమేషన్ పెట్టి పక్కన నిలబడ్డాను. క్లాసంతా కిక్కురుమనలేదు. పాఠం బ్రహ్మాండంగా ఎక్కిందని మురిసిపోయాను. మర్నాడు మేడం వచ్చి, నిన్న చూసింది బొమ్మ వేయమంటే దాదాపు అందరూ ఒకే బొమ్మ వేశారు. ఒక తొన తీసేసిన బత్తాయి లాంటి బంతి, మధ్యలో ఊదారంగు కేంద్రకం, చుట్టూ నారింజ రంగు మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగాలు). "నీ బుగ్గలో కణాలకి కూడా ఈ రంగులే ఉంటాయా?" అని ఆవిడ అడిగితే ఒకడు తడుముకోకుండా "ఉంటాయి మేడం, నిన్న చూశాం కదా" అన్నాడట.

ఆ రంగులు బొమ్మ గీసినవాళ్లు గుర్తు కోసం వేసినవి. ఆ సంగతి యానిమేషన్ చెప్పదు. నేనూ చెప్పలేదు.

మైక్రోస్కోపులో చూపించొచ్చు కదా అంటారేమో. మా దగ్గర పనిచేసేది ఒక్కటే. నలభై మంది వరసలో నిలబడితే మనిషికి అర నిమిషం. వెనకవాడు తోస్తుంటాడు, ముందువాడు "కనపడింది మేడం" అని తప్పుకుంటాడు. ఏం కనపడిందిరా అని నిలదీస్తే తేలేదేమిటంటే, సగం మంది చూసింది తమ కనురెప్ప వెంట్రుకల్నే. ఇంకొందరు గాలి బుడగని చూశారు. నల్లటి అంచుతో గుండ్రంగా మెరుస్తూ అది అచ్చం పుస్తకంలో కణంలాగే ఉంటుంది, పిల్లల్ని అనడానికి లేదు.

మేడం ఏం చేశారంటే, ఇంట్లో పడున్న శుభలేఖ అట్టని ఉంగరంలా కత్తిరించి మైక్రోస్కోపు పైగొట్టానికి తొడిగారు. దాని మీద తన ఫోను కెమెరా సరిగ్గా ఆనేటట్టు రబ్బరు బ్యాండ్లతో కట్టారు. ఫోను తెరని ప్యానెల్‌కి కలిపారు. గొట్టంలో ఉన్నది గోడ మీదకి వచ్చేసింది. ఇప్పుడు ఆవిడ వేలు పెట్టి "ఇది బుడగ, ఇది కణకవచం, ఈ చుక్క కేంద్రకం" అంటే నలభై మందీ ఒకే చుక్కని చూస్తారు. సంతలో ఆ తండ్రి టీవీ అన్నది దీన్నే.

స్లైడు మాత్రం ఎవరిది వాళ్లే చేయాలి. ఉల్లిపాయ రెబ్బ లోపలి వైపునుంచి పొర తీయడం మొదటిసారి ఎవరికీ రాలేదు. ఆత్రేయపురం పూతరేకు పట్టుకున్నట్టు పట్టుకోమని మేడం చెప్పాక చేతులు తేలికపడ్డాయి. పొర మడతపడిందా, రెండు వరసల కణాలు ఒకదాని మీద ఒకటి పడి అంతా గజిబిజి. సరిగ్గా పరిచి, రంగుకి సాఫ్రనిన్ చుక్క వేస్తే ఇటుక గోడలా వరసలు కనిపిస్తాయి. ఒక్కో ఇటుక పొడవు మిల్లీమీటరులో పావు వంతు, అటూ ఇటూగా. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి కణాలని పేరు పెట్టినవి చచ్చిన కణాల ఖాళీ గోడలు. మనవాళ్లకి బతికున్నవే దొరికాయి.

నాకు బాగా నచ్చింది ఆ తరవాతి రోజు పాఠం. నా పీరియడు కాకపోయినా వెనక బెంచీలో కూర్చున్నాను. ఎర్ర ఉల్లిపాయ రెబ్బ పైపొర తీస్తే రంగు వేయక్కర్లేదు, కణం లోపలి నీరే వంగపండు రంగులో ఉంటుంది. ఆ స్లైడుకి ఒక పక్క ఉప్పునీళ్ల చుక్క వేసి, రెండో పక్కనుంచి అద్దుడు కాగితంతో లాగారు. రెండు నిమిషాలు ఏమీ లేదు. ఆ తరవాత గోడలు ఉన్నచోటే ఉండగా లోపలి రంగు సంచి మూలల్నుంచి నెమ్మదిగా విడివడి, ముడుచుకుని, చిన్న గోళీ అయింది. క్లాసు ఒక్కసారిగా "అయ్యో" అంది. నీళ్లు బయటికి పోయాయని అందరికీ తెలిసింది. ఎక్కడికి పోయాయి, ఎందుకు పోయాయి అని మేడం అడిగితే మూడో బెంచీ పిల్ల లేచి, "మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే జాడీలో ఊట దిగుతుంది కదండీ, ఆ ఊట ఇదేనా?" అంది. ఉప్పు ఎక్కువున్న వైపుకి నీళ్లు పొర దాటి పోవడాన్ని ద్రవాభిసరణం అంటారు; ఆ మాట ఆ తరవాతే బోర్డు మీదకి ఎక్కింది. మంచినీళ్ల చుక్క వేస్తే ఆ సంచులు మళ్లీ నిండడం కూడా చూశారు. ఆ పిల్ల అమ్మగారికి ఈ లేఖ అందితే, సగం మార్కులు మీ జాడీవి.

యానిమేషన్ని అటక ఎక్కించామనుకోకండి. మైటోకాండ్రియా వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతుకి మించదు. దాని లోపలి మడతలు మన మైక్రోస్కోపుకి అందవు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అక్కడ బొమ్మే దిక్కు. కాకపోతే ఇప్పుడు వరస మారింది: ముందు స్లైడు, తరవాత పెన్సిలు బొమ్మ, చివర్లో యానిమేషన్. "ఇందులో మనం కళ్లారా చూసినవి ఏవి, చూడలేనివి ఏవి" అని పిల్లలే రెండు వరసలుగా రాయాలి. మైటోకాండ్రియా తయారుచేసే ఏటీపీ (కణం పనులకి శక్తినిచ్చే పదార్థం) దగ్గరికి వచ్చేసరికి క్లాసు ఆవులించింది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి బయటపెట్టినాయన యల్లాప్రగడ సుబ్బారావు, వశిష్ఠ గోదావరి దాటితే వచ్చే భీమవరంలో పుట్టారు, మెట్రిక్ రెండుసార్లు తప్పారు అని చెప్పాను. రెండుసార్లు తప్పిన సంగతి మాత్రం అందరికీ గుర్తుంది.

గోదావరికి వరద ఎర్రనీళ్లు వచ్చినప్పుడు రాలేకపోయిన లంకల పిల్లల గురించి బెంగ వద్దు. ఉప్పునీళ్ల స్లైడు వీడియో తీసి ఉంచాం, మధ్యాహ్నం భోజనాలయ్యాక చూపిస్తున్నాం. పొర తీయడం కూడా మళ్లీ చేయిస్తాం.

ఇక ఫోను సంగతి. ఫోను లేకపోతే కుదరని హోంవర్కు మేము ఇవ్వలేదు, ఇవ్వం. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్నచోట దీక్షా అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో ఏదైనా చూడాలనిపిస్తే మీరు పక్కన కూర్చుని చూడనివ్వండి. చూశాక ఫోను తీసేసుకుని, చూసింది కాగితం మీద గీయమనండి. గీయలేకపోతే వాడు చూసింది వేరే వీడియో.

చివరిగా ఒక సహాయం. పోయిన శుక్రవారం ఒకడు "కొబ్బరి నీళ్లలో కణాలుంటాయా మాస్టారూ?" అని అడిగాడు. కాయ మరీ లేతగా ఉన్నప్పుడు ఆ నీళ్లలో గోడలు లేకుండా కేంద్రకాలు విడిగా తేలుతుంటాయని, ముదిరేకొద్దీ గోడలు కట్టుకుని అవే కొబ్బరి అవుతాయని మేడం చెప్పారు. ఒక కణానికి ఒక కేంద్రకం అని అప్పుడే నేర్చుకున్న పిల్లలు ఇది ఒప్పుకోవట్లేదు. చూపిస్తే గానీ కుదరదు. వచ్చే శనివారానికి కొబ్బరి దింపు తీయించేవాళ్లు ఎవరైనా రెండు పిందెలు, రెండు లేత బొండాలు, ఒక ముదురు కాయ పంపగలరా? పువ్వు కట్టిన కాయ దొరికితే అదీ పంపండి, దారిలో పిల్లలు తినకుండా ఉంటే.

కత్తి మాత్రం సంచీలో పెట్టి పంపకండి. బళ్లో ఉంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు