ఆ మొదటి వాక్యం కొట్టేయించు బావా

పర్లాకిమిడి

బావా,

నీ పిల్లలు కృష్ణబిలాల మీద చేసిన ప్రాజెక్టు చదివాను. "హాకింగ్ రేడియేషన్ ఎంటాంగిల్‌మెంట్‌ని నాశనం చేస్తుంది" అని మొదట్లోనే రాసేశారు. అంటే కృష్ణబిలం నుంచి వచ్చే వేడి వికిరణం, రెండు కణాల మధ్య ఉన్న క్వాంటం ముడిని తెంపేస్తుందని. ఏటి నాశనం? ఏ కణానికి, ఏ కొలతతో చూస్తే?

ఎలక్ట్రాన్ లాంటి ఫెర్మియాన్ల సంగతే చూడు. బెల్ జంటలో, అంటే పూర్తిగా ముడిపడ్డ రెండు కణాల్లో, ఒకటి దూరంగా ఉన్నవాడి దగ్గర, రెండోది హొరైజన్ (దాటితే తిరిగిరాలేని హద్దు) బయట నిలబడ్డవాడి దగ్గర. హాకింగ్ ఉష్ణోగ్రత ఎంత పెంచినా లెక్కలో దానితోపాటు పెరిగే ఆర్ అనే కోణం 45 డిగ్రీలు దాటదు. కథంతా అక్కడే ఉంది. ముడి బలాన్ని కొలిచే కాంకరెన్స్, క్వాంటం పొందికని కొలిచే కోహెరెన్స్ రెండూ కాస్ ఆర్ (ఆ కోణం కొసైన్) కాబట్టి 1 నుంచి దిగి 0.707 దగ్గర ఆగుతాయి. నెగటివిటీ, అంటే ముడికి ఇంకో కొలత, 0.5 నుంచి 0.25కి వస్తుంది. బెల్ పరీక్షలో వచ్చే విలువ మాత్రం 2.83 నుంచి జారి, ఉష్ణోగ్రత అనంతమైతే సరిగ్గా 2కి చేరుతుంది, అంటే 2 అనే క్లాసికల్ హద్దు ఉల్లంఘన పోయినట్టే. అదే హద్దులో టెలిపోర్టేషన్ (ముడి సాయంతో క్వాంటం స్థితిని దూరానికి పంపడం) సగటు ఫిడెలిటీ, అంటే అసలుతో పోలిక, ఇంకా 0.82 ఉంటుంది, క్లాసికల్‌గా వచ్చేది 0.667 మాత్రమే. బెల్ పరీక్షలో తప్పిన జంట టెలిపోర్టేషన్‌కి భేషుగ్గా పనికొస్తుందన్నమాట! ఈ పేరా వాళ్ల రిపోర్టులో లేకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

ఫోటాన్ లాంటి బోసాన్లకి పౌలీ నియమం (ఒక స్థితిలో ఒక కణమే ఉండాలన్నది) అడ్డు లేదు, అందుకే అదే హద్దులో వాటి ఎంటాంగిల్‌మెంట్ నిజంగానే సున్నాకి పోతుంది. త్వరణంలో ఉన్న పరిశీలకుడి లెక్కతో 2005లో ఫ్యుయెంటెస్-షూలర్, మాన్ అనే భౌతికశాస్త్రవేత్తలు చూపించింది ఇదే. పిల్లలు ఆ ఫలితాన్ని అన్ని కణాలకీ అంటగట్టేశారు.

పైగా బోసాన్ల లెక్కలో అనంతంగా సాగే సిరీస్‌ని 20వ స్థాయి దగ్గర కత్తిరించారు. పక్కపక్క స్థాయిల సంభావ్యతల నిష్పత్తి 0.9 అయితే, శూన్యస్థితి ఒక్కదానికే ట్రేస్ (సంభావ్యతల మొత్తం, 1 రావాలి) 0.89 వస్తుంది. 0.99 దాటాలంటే 44 పదాలు కావాలి, ఒక కణం ఉన్న స్థితికి ఇంకా ఎక్కువే. ముందు ట్రేస్ చూడమను. లేకపోతే కత్తెర తిన్నదంతా హాకింగ్ పద్దులో రాస్తారు.

ఇంకోటి, హొరైజన్ లోపలి మోడ్‌ని (అక్కడి క్వాంటం కంపనాన్ని) ట్రేస్ చేసేసి, అంటే లెక్కలోంచి తప్పించేసి, "సమాచారం పోయింది" అంటున్నారు. సరిహద్దు దాటి పాతపట్నం వైపు పోయిన సరుకు పర్లాకిమిడి పద్దులో కనబడకపోతే మాయమైనట్టా? దూరంగా ఉన్నవాడికీ హొరైజన్ లోపలి మోడ్‌కీ మధ్య కాంకరెన్స్ సైన్ ఆర్. బయటిదాని వర్గానికి దీని వర్గం కలిపితే 1. ఫెర్మియాన్ల గ్రాఫులో రెండు గీతలూ పక్కపక్కన గీయించు.

"ప్రయోగంలో కొలవచ్చు" అన్న వాక్యం తీసేయమను. సూర్యుడంత బరువున్న కృష్ణబిలం ఉష్ణోగ్రత దాదాపు 60 నానోకెల్విన్లు, చుట్టూ విశ్వ నేపథ్య వికిరణమే 2.7 కెల్విన్లు, అందులో ఇది కనబడదు. సింగిల్ మోడ్ అప్రాక్సిమేషన్ (ఒక్క మోడ్‌నే లెక్కలోకి తీసుకోవడం) వాడామని మాత్రం తప్పకుండా రాయాలి, వైవాలో మొదట అడిగేది అదే.

ఉంటాను బావా. సవరించిన ఫైలు పంపించు.